అశ్విని అక్కుంజి: మూడు స్వర్ణాలు, రెండేళ్ల నిషేధం

అశ్విని అక్కుంజి (జననం 1987) కర్ణాటకకు చెందిన 400 మీటర్ల పరుగు, 400 మీటర్ల హర్డిల్స్ క్రీడాకారిణి. 2010లో రెండు నెలలైనా తిరగకముందే కామన్వెల్త్, ఆసియా క్రీడల్లో కలిపి మూడు స్వర్ణాలు గెలిచింది. 2011 జూలైలో డోప్ పరీక్షలో దొరికి నిషేధానికి గురైంది. భారత అథ్లెటిక్స్‌లో డోపింగ్ చరిత్ర రాయాలంటే ఈమె కథను, ఈమెతోపాటు పట్టుబడిన రిలే సహచరుల కథను పక్కన పెట్టలేం.

ఉడుపి జిల్లా సిద్దాపుర దగ్గరి పల్లెలో రైతు కుటుంబంలో అశ్విని పుట్టింది. అటువంటి ఊళ్ల నుంచి పరుగు నేర్చుకోవడానికి బయల్దేరే కన్నడ పిల్లలకు బెంగళూరే గమ్యం. కంఠీరవ స్టేడియం, భారత క్రీడా ప్రాధికార సంస్థ దక్షిణ కేంద్రం ఆ నగరంలోనే ఉన్నాయి. తెలుగువారికి అశ్విని అనగానే ముందుగా గుర్తొచ్చేది ఈమె కాదు, కర్ణాటకకే చెందిన మరో స్ప్రింటర్ అశ్విని నాచప్ప. పి.టి. ఉషను ఓడించిన ఆమె జీవితం మౌళి దర్శకత్వంలో 1991లో ‘అశ్విని’ అనే తెలుగు సినిమాగా వచ్చింది. అందులో ఆమే నాయిక. ఆ అశ్వినే తర్వాత ‘క్లీన్ స్పోర్ట్స్ ఇండియా’ ఉద్యమానికి నాయకత్వం వహించి, క్రీడల్లో మందుల వాడకం మీద, సంఘాల పెత్తనం మీద గొంతెత్తింది.

అక్టోబరు 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల 4×400 మీటర్ల రిలేలో మన్‌జీత్ కౌర్, సినీ జోస్, అశ్విని, మన్‌దీప్ కౌర్ 3 నిమిషాల 27.77 సెకన్లలో పరుగు ముగించి నైజీరియా, ఇంగ్లండ్ జట్లను వెనక్కి నెట్టారు. 1958లో కార్డిఫ్‌లో మిల్ఖా సింగ్ గెలిచాక కామన్వెల్త్ ట్రాక్ మీద భారత్‌కు దక్కిన తొలి స్వర్ణం అదే. నవంబరులో చైనాలోని గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అశ్విని ఒంటరిగానూ నెగ్గింది. 76.2 సెంటీమీటర్ల ఎత్తున్న పది హర్డిల్స్ దాటుతూ 400 మీటర్లను 56.15 సెకన్లలో పూర్తిచేసి ఆసియా స్వర్ణం అందుకుంది. ఆ వెంటనే రిలేలోనూ స్వర్ణమే. దేశం ఆ నలుగురినీ నెత్తిన పెట్టుకుంది.

2011 మే, జూన్ నెలల్లో పటియాలా జాతీయ శిక్షణ శిబిరంలోనూ, బెంగళూరు అంతర్రాష్ట్ర పోటీల్లోనూ నమూనాలు తీసుకున్నారు. ఒక్కొక్క ఫలితమే బయటికొచ్చింది. సినీ జోస్, జౌనా ముర్ము, తియానా మేరీ థామస్, మన్‌దీప్ కౌర్, ప్రియాంక పన్వర్, చివరికి అశ్విని పట్టుబడ్డారు. జపాన్‌లోని కోబెలో ఆసియా ఛాంపియన్‌షిప్ మొదలవబోయే రోజులవి. దొరికిన ప్రధాన మందు మెథాండియెనోన్. 1950ల చివర్లో ‘డయానబాల్’ పేరుతో అమ్మకానికి వచ్చిన అనబాలిక్ స్టెరాయిడ్ ఇది. కండ పెంచుతుంది, కఠిన సాధన తర్వాత ఒళ్లు త్వరగా కోలుకునేలా చేస్తుంది. ఆడవాళ్లలో గొంతు బొంగురుపోవడం, ముఖాన రోమాలు మొలవడం, నెలసరి దెబ్బతినడం వంటి మార్పులు తెస్తుంది. కాలేయానికి చేటు. గొంతులో వచ్చిన మార్పు మందు మానేసినా పోకపోవచ్చు.

చైనాలో కొన్న జిన్సెంగ్ మాత్రలను కోచ్ ఇస్తే వేసుకున్నామనీ, వాటిలో స్టెరాయిడ్ కలిసిందని తమకు తెలియదనీ క్రీడాకారిణులు చెప్పారు. ఉక్రెయిన్ కోచ్ యూరీ ఒగొరోద్నిక్‌ను అప్పటి క్రీడామంత్రి అజయ్ మాకెన్ తొలగించారు. జస్టిస్ ముకుల్ ముద్గల్ కమిటీ విచారణ జరిపింది. 2011 డిసెంబరులో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) క్రమశిక్షణ సంఘం వారి వాదనను కొంత మన్నించి ఏడాది నిషేధంతో సరిపెట్టింది. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య ఊరుకోలేదు. దాని అప్పీలుపై లోజాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం శిక్షను రెండేళ్లకు పెంచింది. ఒంట్లో చేరినదానికి క్రీడాకారుడే బాధ్యుడు, ఎవరిచ్చారన్నది సాకు కాదు అన్నదే డోపింగ్ నిబంధనల మూలసూత్రం. సూత్రం సరైనదే. అది లేకపోతే పట్టుబడిన ప్రతివాళ్లూ ఎవరో ఒకరి పేరు చెప్పి తప్పుకుంటారు. కానీ పల్లెటూరి నుంచి శిబిరానికి వచ్చిన పిల్ల విదేశీ కోచ్ చేతిలోని మాత్రను కాదనగలదా అన్న ప్రశ్నకు ఆ సూత్రంలో జవాబు లేదు. తొలగించిన కోచ్ కొన్నేళ్లకే మళ్లీ భారత క్రీడాకారులకు శిక్షణ ఇవ్వడానికి వచ్చాడు. అశ్వినికి 2012 లండన్ ఒలింపిక్స్ చేజారింది. నిషేధం ముగిశాక ట్రాక్ మీదికి వచ్చినా ఆసియా క్రీడల పతకం మళ్లీ ఆమెకు దక్కలేదు. 2010 పతకాలు మాత్రం ఆమె పేరిటే ఉన్నాయి.

ఇక్కడ బెన్ జాన్సన్ ఉదంతాన్ని తలచుకోవాలి. 1988 సియోల్ ఒలింపిక్స్ 100 మీటర్ల పరుగును 9.79 సెకన్లలో గెలిచిన ఈ కెనడా స్ప్రింటర్ స్టానోజొలోల్ అనే మందు వాడి దొరికిపోయాడు. కెనడా ప్రభుత్వం బహిరంగ విచారణ జరిపితే, కోచ్ చార్లీ ఫ్రాన్సిస్ సాక్షిగా నిలబడి మందుల వాడకంలో తన పాత్రను ఒప్పుకున్నాడు. అంత నిండైన ఒప్పుకోలు మన దగ్గర వినబడలేదు.

గుణపాఠం అందలేదనడానికి అదే జట్టు సాక్ష్యం. ప్రియాంక పన్వర్ 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల రిలే స్వర్ణంలో భాగమై, 2016లో హైదరాబాద్ అంతర్రాష్ట్ర పోటీల్లో మెఫెంటర్మిన్ అనే మందుతో మళ్లీ దొరికింది. రెండో తప్పు కాబట్టి ఎనిమిదేళ్ల నిషేధం పడింది. ఇంచియాన్‌లో ఆమెతో పరుగెత్తిన కర్ణాటక క్రీడాకారిణి ఎం.ఆర్. పూవమ్మ 2021 పరీక్షలో విఫలమైంది. మొదట మూడు నెలలే పడిన శిక్షను అప్పీలు సంఘం రెండేళ్లు చేసింది. 2022లో పార్లమెంటు జాతీయ డోపింగ్ నిరోధక చట్టం చేసింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ లెక్కల ప్రకారం 2023లో భారత్‌లో 5,606 నమూనాలు పరీక్షిస్తే 213 నమూనాల్లో నిషిద్ధ పదార్థాలున్నట్టు తేలింది. పెద్ద సంఖ్యలో పరీక్షలు జరిపే దేశాలన్నింటిలో అదే అత్యధిక శాతం.