అంబారీ రాజు అతుకులు

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో అంబారీ ఏనుగును పిల్లల చేతికివ్వరు. బందరైనా అంతే, గుడివాడైనా అంతే. పగలడానికి అదేం మట్టి బొమ్మ కాదు, కర్రదే. ఎక్కడ అతుకు ఊడుతుందోనని పెద్దవాళ్ళ బెంగ. ఏనుగు, దాని మీద అంబారీ, అందులో రాజు, ముందు మావటి, వెనక గొడుగు పట్టినవాడు. ఇంతమందీ ఒక్క చెక్కలోంచి పుట్టలేదు మరి.

ఈ బొమ్మ కథంతా ఆ అతుకులోనే ఉంది.

ఈ బొమ్మ పుట్టిల్లు కృష్ణ వెంట ఎగువన ఉన్న కొండపల్లి. అక్కడి కోట 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించింది. చుట్టూ కొండల్లో తెల్ల పొణికి చెట్లు. ఆ కర్ర మెత్తన, బెండులా తేలిక. రాజస్థాన్ నుంచి వచ్చిన వాళ్ళమని చెప్పుకునే ఆర్యక్షత్రియులు బొమ్మలకు ఆ కర్రనే పట్టుకున్నారు.

అయితే మెత్తని కర్రతో వీరుణ్ణి చెయ్యడం చిక్కే. చేతులు ఒంటికి ఆనించుకుని నిలబడే దేవుడితో పేచీ లేదు. కత్తి దూసినవాడి చెయ్యి మాత్రం గాలిలోకి చాపుకుని ఉండాలి. ఒకే ముక్కలో చెక్కితే సగం కర్ర పొట్టయిపోతుంది, మిగిలిన సన్నటి చెయ్యి పుటుక్కుమంటుంది. అందుకే మొండెం వేరు, తల వేరు, చేతులు వేరు. ముందు కర్రను సన్నసెగన తడి పోయేదాకా ఆరబెడతారు. చెక్కిన ముక్కల్ని కలిపేది మక్కు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి నూరిన ముద్ద అది. పారేసే గింజ, రాలిన పొట్టు! జిగురుగా అంటుకుంటుంది, మట్టిలా మాట వింటుంది. అతుకు మీద మెత్తితే భుజం, ముఖం మీద చిటికెడు పెడితే ముక్కు. ఆరాక ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూసి, మేక వెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుతారు. మీసం చివర మెలి తిరిగేది అప్పుడే.

ఇంగ్లండులో బొమ్మ సిపాయిల బెడద వేరు, అక్కడ సీసం బరువు. 1893లో విలియం బ్రిటన్ బోలు పోత కనిపెట్టాడు. కరిగిన సీసం అచ్చులో పోసి, అంచు గడ్డకట్టగానే లోపలిది ఒంపేయడమే. సీసం ఆదా, బొమ్మ చవక. ఏ పటాలం యూనిఫాం ఆ పటాలానిదే, పేరుతో సహా.

మన అంబారీ రాజుకు పేరు లేదు. నాకు మాత్రం ఆయన కృష్ణరాయలే. 1515లో కొండవీడు పట్టుకుని, ఆపైన కొండపల్లి కోటా గెలుచుకున్నాడు. ఆ కళింగ దండయాత్రలోనే దివిసీమ అంచున ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు సన్నిధిని ఏకాదశి ఉపవాసం ఉన్నాడట. కలలో స్వామి చెప్పగా ఆముక్తమాల్యద రాశానని ఆయనే చెప్పుకున్నాడు. బొమ్మ పుట్టిన కొండా, కల పుట్టిన గుడీ ఒకే ఏటి ఒడ్డువి. అందుకే నాకీ మొండిపట్టు.

బందరు కొలువులో ఆ రాజు మెడకు చిలకలపూడి రోల్డుగోల్డు గొలుసు ముక్క చుట్టినా బాగానే ఉంటుంది. మావటికి ఎవరూ ఏమీ పెట్టరు.