అలోహా: పలకరింపు నుంచి ఫోన్‌ టవర్ దాకా

హవాయి దీవుల్లో కలిసినా, విడిపోయినా వినిపించే మాట ‘అలోహా’. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య నడిపిన రేడియో కంప్యూటర్ నెట్‌వర్క్‌కు ఇదే పేరు. పేరు భలే అతికింది: వంతు కోసం ఆగేది లేదు, చెప్పాల్సింది ఉంటే చెప్పేయడమే! రెండు సందేశాలు ఢీకొంటే ఎవరికి వారు కాసేపాగి మళ్లీ పంపాలి. ఈ గందరగోళంలో ఛానల్ సామర్థ్యంలో అక్కరకొచ్చేది మహా అయితే 18 శాతం.

1972లో లారెన్స్ రాబర్ట్స్ కాలాన్ని గళ్లుగా కోసి ఆ 18 శాతాన్ని రెట్టింపు చేశాడు. అది ‘స్లాటెడ్ అలోహా’.

4జీ ఫోన్ తన టవర్‌ను తొలిసారి పిలిచేదీ ఈ వంశపు పద్ధతిలోనే. ముందు తగ్గు స్వరంతో పిలుస్తుంది; జవాబు రాకపోతే నెట్‌వర్క్ చెప్పిన మెట్టు ప్రకారం, 2 డెసిబెళ్లో 4 డెసిబెళ్లో, శక్తి పెంచుతూ పోతుంది. మొదటే గట్టిగా అరిస్తే పక్క ఫోన్ల పిలుపులు మునిగిపోతాయి, బ్యాటరీ కూడా వృథా.