బీమా సొమ్ము – సమ్మతి, ద్రోహం

బీమాను గురించి ఫిఖ్హ్ గ్రంథాలలో కనిపించే తొలి చర్చలలో ఒకటి ఆసుపత్రిది కాదు, ఓడలది. డమాస్కస్ నివాసియైన హనఫీ పండితుడు అల్లామా ఇబ్నె ఆబిదీన్ (1784–1836) తన ‘రద్దుల్ ముహ్తార్’లో దీనిని ప్రస్తావించారు. ఆనాటి వర్తకులు పరదేశీయుని ఓడను కిరాయికి తీసుకొని, కిరాయితోబాటు ఆ దేశస్థుడొకనికి మరికొంత సొమ్ము చెల్లించేవారు. సరుకు మునిగినా, కాలిపోయినా, దోపిడీకి గురైనా నష్టాన్ని అతడు భరించేవాడు. ఈ సొమ్మునే ‘సౌకరా’ అనేవారు.

ఈ పరిహారాన్ని ముస్లిం రాజ్యంలో పుచ్చుకోవడం ధర్మసమ్మతం కాదని అల్లామా తీర్పు చెప్పారు. షరీఅత్ ఒకనిపై మోపని బాధ్యతను ఒప్పందం మోపజాలదని ఆయన వాదన. అయితే ఒప్పందం పరదేశంలోనే జరిగి, అక్కడివారు తమ సమ్మతితో ఇచ్చినట్లయితే తీసుకోవచ్చునన్నారు.

చాలామంది ఇక్కడ ‘పరదేశం’ అనే మాట వద్దనే ఆగిపోతారు. ‘కంపెనీ సొమ్ము ముస్లిములది కాదు గదా, బిల్లు కాస్త పెంచి రాస్తే తప్పేమిటి?’ అనే మాట అలా పుట్టినదే. కాని కీలకమంతా ‘సమ్మతి’లో ఉంది. అంతకు ఎనిమిది శతాబ్దాల ముందే ఇమామ్ ఖుదూరీ (మరణం 1037) ఈ విషయం స్పష్టంగా రాశారు: వర్తకం కోసం శత్రుదేశానికి వెళ్ళిన ముస్లిం అక్కడివారి ధనాన్ని గాని, ప్రాణాన్ని గాని ముట్టరాదు. ద్రోహంతో ఏదైనా తెచ్చుకుంటే అది నిషిద్ధమైన సొత్తు. దానిని సదఖా చేసి వదిలించుకోవలసిందే. శత్రువు సొమ్ము విషయంలోనే ఇంత కట్టుదిట్టం!

1985లో జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ వాణిజ్య బీమాను హరామ్ అని, పరస్పర సహకార బీమాను ధర్మసమ్మతమని తీర్మానించింది. 2005లో దుబాయి సమావేశంలో అది ఆరోగ్య బీమాను విడిగా పరిశీలించింది. ఇవి ఒప్పందపు స్వరూపాన్ని గురించిన తీర్పులు. ఒప్పందం సరియైనదైనా, లోపభూయిష్టమైనా, పాత జబ్బును దాచినవానికీ, తన కార్డుపై బావమరిదికి వైద్యం చేయించినవానికీ అవతలి పక్షం సమ్మతి లేనే లేదు. వారికి తెలిసి ఉంటే ఇచ్చేవారు కాదు. సహకార బీమాలోనైతే ఆ సొమ్ము సాటి సభ్యులు విరాళంగా కూర్చిన నిధి. రేపు మరొకని శస్త్రచికిత్సకు అందవలసినది అందులోనే ఉంది.

ఇదివరకే తీసుకున్నవాని మాటేమిటి? హక్కుదారు దొరకనప్పుడు సదఖా మార్గం ఉన్నది. కంపెనీకి చిరునామా ఉన్నది గనుక, ఆ సొమ్ము ముందుగా అక్కడికే తిరిగి చేరాలి.