లైను లెక్క

రాజమహేంద్రవరంలో ఓ ఐసీయూ. ఉదయం ఆరు గంటలు. బయట గట్టు మీద ఎండ అప్పుడే చురుక్కుమంటోంది గానీ, లోపల ఏసీ చలి, స్పిరిట్ వాసన. రిజిస్టరు పట్టుకున్న సిస్టర్ వెనకే మీరూ నడవండి. మెడ నరంలోకి మందులెక్కించే లైను ఎవరికుంది, మూత్రానికి గొట్టం ఎవరికుంది అని ఆవిడ రోజూ ఇదే వేళకు రాసుకుంటుంది. లైనున్న ఒక్కో మనిషీ ఆ రోజుకు ఒక ‘లైను రోజు’; ఒకే మనిషికి రెండు లైన్లున్నా లెక్కలో ఒక్కటే.

ఏడో మంచం మీద కోనసీమ కొబ్బరి దింపు కార్మికుడు. నిమ్ము ముదిరి, బీపీ పడిపోయి వచ్చాడు. ఇప్పుడు తేరుకున్నాడు. మెడ దగ్గర డ్రెస్సింగు అంచు చెమటకు లేచింది. చర్మం మీది క్రిమి రక్తంలోకి దిగడానికి ఆ సందు చాలు.

“బీపీ మందు నిన్ననే ఆపేశాం కదండీ సార్, లైను ఇంకా ఉంచాలా?”

“అక్కర్లేదు సిస్టర్, తీసేయండి.”

తల వైపు మంచం దించి, ఊపిరి బిగబట్టమని చెప్పి, లైను లాగేస్తుంది. గాజుగుడ్డతో అదిమి పట్టుకుని అలాగే నిలబడుతుంది. ఈ ఉదయం ఇక్కడ జరిగిన అసలు వైద్యం ఇదే అంటాన్నేను.

తొమ్మిదో మంచానికి జ్వరం. లైను నుంచీ, చేతి నరం నుంచీ తీసిన రక్తం సీసాలు ల్యాబుకు వెళ్తున్నాయి. లైను వేసి రెండు రోజులు దాటాక రక్తంలో క్రిమి పెరిగి, అది ఒంట్లో మరెక్కడి నుంచీ రాలేదని తేలితే, లైను ఖాతాలోకే రాస్తారు. 200 లైను రోజులకు అలాంటివి రెండు వస్తే, వెయ్యికి పది. ఇలా రక్తం కల్చర్ పరీక్షకు పంపని ఐసీయూలో ఈ లెక్క ఎప్పుడూ సున్నాయే. ఆ సున్నాను నమ్మకండి. నిజమైన సున్నా అమెరికాలోని మిషిగన్‌లో వచ్చింది. 2003లో మొదలైన ప్రయత్నంలో చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, అక్కర్లేని లైను తీసేయడం లాంటి అయిదు పనులు పట్టుబట్టి చేస్తే, వందకు పైగా ఐసీయూల మధ్యస్థ రేటు వెయ్యి లైను రోజులకు 2.7 నుంచి సున్నాకు దిగింది. మన దేశంలో 2017-18లో 26 ఆసుపత్రుల్లోని 89 ఐసీయూల్లో లెక్క కడితే, ఆసుపత్రిలోనే అంటుకున్న రక్త ఇన్‌ఫెక్షన్లు 2,622 తేలాయి. వాటిలో క్లెబ్సియెల్లా అనే క్రిమిదే అగ్రస్థానం.

గుమ్మం దగ్గర స్ట్రెచర్ ఆగింది, స్కానింగుకి. కొడుకు సాయం చేద్దామని మూత్రం సంచి తీసి నాన్న పొట్ట మీద పెట్టాడు.

“సంచి కిందికే ఉండాలి బాబూ, పైకెత్తితే మూత్రం వెనక్కెళ్తుంది.” నేలకు తగలకుండా స్ట్రెచర్ పక్కన తగిలించింది సిస్టర్.

మీవాళ్లెవరైనా ఐసీయూలో ఉంటే, డాక్టరు గారిని రోజూ అడగండి: “ఈ గొట్టం ఇంకా అవసరమాండీ?” మొహమాటపడకండి, అడగడం మీ హక్కు.