కాలు, వీసము – కంప్యూటరు గడిలో భిన్నములు

“పని ముక్కాలు మువ్వీసం అయిపోయినది” అని పెద్దలు అంటూ ఉంటారు. పని దాదాపు పూర్తి అయినదని దాని భావము. కాని ఆ మాటలో ఒక ఖచ్చితమైన సంఖ్య దాగి ఉన్నదని ఎందరికి తెలుసు? ముక్కాలు అంటే 3/4. మువ్వీసము అంటే మూడు వీసములు, అనగా 3/16. రెండూ కలిపితే 15/16. పూర్తి కావడానికి ఒక్క వీసము మాత్రమే తక్కువ!

మన పూర్వులు భిన్నములను నాలుగేసి భాగములుగా లెక్కించేవారు. ఒకటిని నాలుగు భాగములు చేస్తే కాలు. కాలును నాలుగు చేస్తే వీసము. వీసమును నాలుగు చేస్తే కాని, అనగా 1/64. కాలుకు రెట్టింపు అర. వీసమునకు రెట్టింపు పరక. ఈ పద్ధతికి కారణము ఊహించడం కష్టము కాదు. ధాన్యపు రాశిని గాని, తాడును గాని సగము చేయడం సులువు. ఆ సగమును మరల సగము చేయడం కూడ సులువే. పది సమభాగములు చేయమంటే కొలబద్ద వెదకవలసి వస్తుంది.

ఈ భిన్నములకు ప్రత్యేకమైన గుర్తులు ఉండేవి. కాలు, అర, ముక్కాలు అనే వాటికి నిలువు గీతలు: ౹, ౺, ౻. వీసము, పరక, మువ్వీసములకు అడ్డగీతలు: ౼, ౽, ౾. ఆ తరువాతి స్థానములో మరల నిలువు గీతలు. ఇట్లు ఒక స్థానము నిలువు, ఒక స్థానము అడ్డము అగుటచేత, ఏ గీత ఏ స్థానమునకు చెందినదో పొరపాటు పడే అవకాశము లేదు. దశాంశ బిందువు వంటి చుక్క కూడ అక్కరలేదు. ౧౹౾ అని వ్రాస్తే 1 + 1/4 + 3/16, అనగా ఒకటిన్నీ ఏడు వీసములున్నూ. ప్రాచీన చీనా దేశములో లెక్కల పుల్లలను కూడ ఇట్లే ఒక స్థానములో నిలువుగాను, పక్క స్థానములో అడ్డముగాను పేర్చేవారు.

మరొక విశేషము. ఈ పద్ధతిలో సున్నలు రెండు. నిలువు గీతల స్థానము ఖాళీగా ఉంటే ‘హళ్ళి’, అడ్డగీతల స్థానము ఖాళీగా ఉంటే మామూలు సున్న. “హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న” అనే సామెతను ఈ వెలుగులో ఒకసారి ఆలోచించి చూడండి.

పదహారు అణాల రూపాయి ఈ లెక్కకు చక్కగా సరిపోయేది. అణా అంటే రూపాయిలో వీసము. బేడ అంటే పరక. పావలా అంటే కాలు. 1957 ఏప్రిల్ 1న రూపాయిని నూరు నయాపైసలుగా విభజించిన తరువాత, మెట్రిక్ కొలతలు కూడ వచ్చిన తరువాత, పాత గుర్తులు వాడుకలోనుండి తొలగిపోయినవి. 2008లో యూనికోడ్ ప్రమాణములో వాటికి స్థానము లభించినది. ఆ విధముగా అవి కంప్యూటరులోనికి ప్రవేశించినవి.

ఇక కంప్యూటరు సంగతి చూద్దాము. గడులతో కూడిన లెక్కల పట్టిక, అనగా స్ప్రెడ్‌షీట్, 1979లో విసికాల్క్ పేరుతో వెలువడినది. ఎక్సెల్ 1985లో వచ్చినది. మన దేశపు తేదీ పద్ధతి అమర్చి ఉన్న ఎక్సెల్ గడిలో 3/4 అని కొట్టితే ముక్కాలు కనబడదు. ఏప్రిల్ 3 కనబడుతుంది! లోపల నిలువ ఉండేది ఒక పెద్ద సంఖ్య. ఉదాహరణకు 2024 ఏప్రిల్ 3 అయితే అది 45385. ముందు ఒక సున్న, ఒక ఖాళీ ఉంచి 0 3/4 అని కొట్టితే యంత్రము దానిని భిన్నముగా గ్రహిస్తుంది. గడికి భిన్నరూపమును ముందే నిర్ణయించి, హారము 4 అనో 16 అనో ఎన్నుకొనవచ్చును.

గడిలో కనబడేది వేరు, లోపల ఉండేది వేరు అని విద్యార్థులు గుర్తుంచుకోవలెను. హారము ఒకే అంకెలో ఉండవలెనని నిర్ణయిస్తే 5/16 అనేది 1/3 వలె కనబడవచ్చు. లోపలి విలువ మాత్రము మారదు. ఇక్కడే ఒక చమత్కారము ఉన్నది. యంత్రము లెక్క రెండింటి ఘాతములలో సాగుతుంది. అందుచేత కాలు, వీసము, కాని దానిలో ఏ లోపమూ లేకుండా ఇముడుతవి. పదవ వంతు మాత్రము అంతులేని ఆవర్త భిన్నమై, ఎక్కడో తెగవలసినదే. కాగితము మీద దశాంశములు సులువు. యంత్రమునకు వీసమే సులువు!

ఇది వినోదము మాత్రమే కాదు. నూరు ఎకరాల ఉమ్మడి భూమిని పదహారు వాటాలు చేస్తూ, వీసమును 0.06 అని కుదించి వ్రాసినామనుకొనండి. ఒక్కొక్క వాటాకు 6 ఎకరాలు; మొత్తము 96. మిగిలిన నాలుగు ఎకరాలు ఎవరివి?

వరంగల్ ప్రాంతములో భూమిని ఎకరాలు, గుంటలలో చెప్పుతారు. ఎకరమునకు 40 గుంటలు. గుంటకు 121 చదరపు గజాలు. రెండు ఎకరాల ఇరవై గుంటలను 2.20 అని గడిలో వ్రాస్తే, యంత్రము దానిని రెండు ఎకరాల ఎనిమిది గుంటలుగా లెక్కిస్తుంది. పన్నెండు గుంటలు, అనగా 1,452 చదరపు గజాలు, లెక్కలో మాయము! అట్టి రెండు కమతములను కలిపితే 4.40 వస్తుంది, నిజానికి రావలసినది సరిగా 5 ఎకరాలు. దీనికి విరుగుడు, గడిలో =2+20/40 అని వ్రాసి, హారము 40గా ఉండే భిన్నరూపము నిర్ణయించడమే. అప్పుడు కూడిక తప్పదు.

భిన్నములు బోధించే ఉపాధ్యాయులు ఈ గుంటల లెక్కను తరగతిలో ఒకసారి చేయించి చూడవచ్చును. హారము అంటే గీత క్రింద వ్రాసే అంకె మాత్రమే కాదనీ, దానిని మరచిన చోట ఒక రైతు పొలము గట్టు జరిగిపోతుందనీ పిల్లలకు తెలిసివస్తుంది.