ఒక రాజగృహపు సామాను ప్రయాణము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు అన్నారు. ఇల్లు మారి చూడు అను మూడవ మాటను కూడ దానికి చేర్చవచ్చునని, ఉద్యోగరీత్యా ఊరూరు తిరిగిన కుటుంబములవారు తప్పక ఒప్పుకొందురు. ఊరగాయ జాడీలు, పింగాణి కప్పులు, నిలువుటద్దము, తాతలనాటి తాళపత్రములు, గోడగడియారము, రేడియో ఇవన్నియు ఇంటిలో ఉన్నంతకాలము వాటి వాటి చోట నిశ్చింతగానే ఉండును. కదిలించిననాడు మాత్రము ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగా మనలను భయపెట్టును. ఏది పగులునో, ఏది నలుగునో, ఏది దారిలోనే మాయమగునో తెలియదు.

ఈ చిక్కును మిక్కిలి పెద్ద ఎత్తున, ఏండ్ల తరబడి ఎదుర్కొన్న ఒక ఇంటి కథ చరిత్రలో కలదు. అది ఒకప్పుడు మనవారు పెకింగు అని వ్రాసిన బీజింగు నగరములోని చక్రవర్తుల ప్రాసాదము. 1933లో అక్కడినుండి బయలుదేరిన సామాను యుద్ధకాలమంతయు చైనా దేశములో ఊరూరు తిరిగినది. అయినను పగిలినది, పోయినది అతి స్వల్పము. ఇది ఎట్లు సాధ్యమైనదో తెలిసికొనుట గృహస్థులందరికిని ఉపయోగకరమని మా తలంపు.

ఆ ప్రాసాదము 1420లో పూర్తి అయినది. మింగ్, చింగ్ వంశములకు చెందిన ఇరువది నలుగురు చక్రవర్తులు దాదాపు ఐదువందల ఏండ్లు అందులో నివసించినారు. చిత్రములు, పుస్తకములు, కంచు పాత్రలు, పచ్చరాతి వస్తువులు, పింగాణి, గడియారములు అందులో తరతరములుగా చేరినవి. కడపటి చక్రవర్తి పూయీ 1912లో సింహాసనము వదలుకొన్నను, లోపలి భవనములలోనే కాపురముండినాడు. 1924 నవంబరు 5వ తేదీన అతనిని బయటికి పంపిన తరువాత ప్రభుత్వము ఒక సంఘమును నియమించి, సామాను లెక్క వ్రాయించినది. ప్రతి గదికి ముద్ర వేసినారు. ఒంటరిగా ఎవరును లోపలికి పోరాదని నియమము చేసినారు. చైనాలో పిల్లలు అక్షరములు నేర్చుకొను వెయ్యి అక్షరముల పద్యమునుండి ఒక్కొక్క గదికి ఒక్కొక్క అక్షరమును గుర్తుగా ఇచ్చి, దాని క్రింద ప్రతి వస్తువునకు ఒక సంఖ్య వేసినారు. ఆ లెక్క 11 లక్షల 70 వేలు దాటినది. 1925 అక్టోబరు 10వ తేదీన ఆ ఇల్లు ప్రజల మ్యూజియముగా తెరువబడినది. ప్రయాణపు ఊహయే లేనినాడు వ్రాసిన ఈ పట్టికయే తరువాతి ప్రయాణమునకు ఆధారమైనదని గమనింపవలెను.

1931 సెప్టెంబరులో జపాను సైన్యము మంచూరియాను ఆక్రమింప నారంభించినది. 1933 జనవరిలో మహాకుడ్యపు తూర్పు కొనయందున్న షాన్‌హైగ్వాన్ కోట పడిపోయినది. ఇక బీజింగు దూరము కాదు. సామానును దక్షిణమునకు తరలింపవలెనని నిశ్చయించినారు. నగరములో గొప్ప అలజడి పుట్టినది. మనుష్యులను శత్రువు నోట వదలి, వస్తువులను మోసికొనిపోవుటయా అని పలువురు నిలదీసినారు. ఆ ప్రశ్నకు సులభమైన సమాధానము లేదు, నేటికిని లేదు. పోయిన భూమిని మరల గెలువవచ్చును గాని, కాలిన పుస్తకమును మరల పొందలేము అన్నదే తరలించినవారి వాదము.

అయితే సర్దుట ఎట్లు? మ్యూజియములోని విద్వాంసులు లిపులు చదువగలవారే గాని, పింగాణి గిన్నెలను పెట్టెలో పెట్టుట ఎరిగినవారు కారు. వారు సిగ్గుపడక తెలిసినవారిని ఆశ్రయించినారు. బీజింగులో పాత వస్తువుల అంగళ్లకు పేరుపడిన ల్యూలిచాంగ్ వీధి వర్తకులను పిలిపించి పని నేర్చుకొన్నారు. పింగాణికి పుట్టినిల్లయిన జింగ్‌డెజెన్ నుండి పూర్వము వచ్చి, విప్పకుండగనే ఉండిపోయిన పెట్టెలు కొన్ని ప్రాసాదములో ఉండినవి. వాటిని విప్పి, ఆ ఊరి పనివారు ఏ వరుసలో ఏమి పెట్టినారో పరిశీలించినారు. అందు కనిపించిన మహారహస్యము మరేమియు కాదు, వరిగడ్డి! గిన్నెకు గిన్నెకు నడుమ గడ్డి, గిన్నెల కట్టచుట్టు గడ్డి, కట్టకు పెట్టెకు నడుమ మరల గడ్డి. మన ఇండ్లలో జాడీలకు గడ్డి చుట్టి బండి ఎక్కించు పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు.

నాడు యువకుడుగా ఆ పనిలో పాల్గొని, పిమ్మట ఆ ప్రయాణ చరిత్ర వ్రాసిన నా జిలియాంగ్ అను ఉద్యోగి సర్దుబాటు సూత్రములను చెప్పినాడు. వానిలో ముఖ్యమైనవి రెండు: వస్తువునకు వస్తువునకు ఎడము ఉండవలెను, పెట్టె మొత్తము బిగువుగా ఉండవలెను. ఈ రెండును పరస్పర విరుద్ధములుగా తోచును గాని, నిజమునకు ఒకదానికి ఒకటి తోడు. ఎడము లేనిచో ఒకటి తగిలి మరియొకటి పగులును. బిగువు లేనిచో ఎడముగా పెట్టిన గడ్డి, దూది కుదుపులకు ఒకవైపు జారిపోయి, ఎడమే మిగులదు. వస్తువును పగులగొట్టునది బండి కుదుపు కాదు, పెట్టెలో మనము వదలిన ఖాళీ. పాత్ర లోపలి ఖాళీని కూడ దూదితో నింపవలసినదే.

రాతి వస్తువులకైనను ఈ జాగ్రత్త తప్పలేదు. క్రీస్తుపూర్వపు చిన్ రాజ్యమునాటి శాసనములు చెక్కిన పది రాతి మృదంగములు ఆ సామానులో ఉండినవి. ఒక్కొక్కటి దాదాపు ఒక టన్ను బరువు. వానిలో ఒకదాని పైభాగమును పూర్వమెవరో తొలిచి రోలుగా వాడుకొన్నారు! బరువైనది గనుక గట్టిదని అనుకొనరాదు. అక్షరములున్న పై పొర రాతినుండి విడివడి, పెచ్చులుగా లేచి ఉండినది. తడిపిన మెత్తని కాగితమును పగుళ్లలోనికి నెమ్మదిగా ఒత్తి ఆరబెట్టగా, అది పొరను పట్టి నిలిపినది. ఆపైన దూది బొంతలు చుట్టి, త్రాళ్లతో బిగించి, పెట్టెలో దింపి, చుట్టు గడ్డి కూరినారు. ఆ మృదంగములు నేడు బీజింగు ప్రాసాదములోనే భద్రముగా ఉన్నవి.

1933 ఫిబ్రవరి మొదటి వారములో ఒక రాత్రి మొదటి పెట్టెలు బండ్లమీద స్టేషనుకు చేరినవి. మే నెలలోపల ఐదు విడతలుగా ప్రాసాదపు పెట్టెలు 13,427 తరలిపోయినవి. ఇతర సంస్థల పెట్టెలతో కలిపి 19 వేలు దాటినవి. షాంఘై నగరములో వాటిని దించి, మరల లెక్క మొదలుపెట్టినారు. మ్యూజియపు నాలుగు విభాగముల పెట్టెలకు నాలుగు అక్షరములు గుర్తుగా పెట్టినారు. ఆ నాలుగింటిని వరుసగా చదివినచో 'షాంఘైలో బస చేసిన పెద్దమనిషి' అని అర్థము వచ్చును. కష్టకాలమునందును హాస్యము చావలేదు.

ఈ నడుమ 1935లో వానిలో మేలైన కొన్ని వస్తువులను లండనులో జరుగు చైనా కళాప్రదర్శనమునకు పంపినారు. తొంబదికి పైగా పెట్టెలను సఫోక్ అను బ్రిటిషు యుద్ధనౌక తీసికొనిపోయినది. 1936లో తిరుగు ప్రయాణమున రాన్‌పురా అను ఓడ జిబ్రాల్టరువద్ద గాలివానలో మెట్టకు తగిలి నిలిచిపోయినది. ఓడ కదలలేకపోయినను, పెట్టెలలోనివి చెక్కు చెదరలేదు. సర్దుబాటుకు అంతకంటె పరీక్ష ఏమి కావలెను?

అసలు కష్టము 1937లో వచ్చినది. సామాను అప్పటికి నాన్‌జింగులో కట్టిన కొత్త గిడ్డంగులకు చేరినది. జపాను సైన్యము ఆ నగరముపైకి వచ్చుచుండగా పెట్టెలను మూడు త్రోవలుగా విడదీసినారు. లండను చూచి వచ్చిన వస్తువులున్న 80 పెట్టెలు దక్షిణపు త్రోవను చాంగ్షా మీదుగా, ఆన్‌షున్ ఊరి చెంతనున్న గుహకు పోయినవి. తొమ్మిదివేలకు పైగా పెట్టెలు యాంగ్‌జీ నదిమీద పడవలలో లెషాన్ ప్రాంతమునకు పోయినవి. ఏడువేలకు పైగా పెట్టెలు ఉత్తరపు త్రోవను రైలుమీద, పిదప లారీలమీద, మంచు కొండలు దాటి ఎమెయ్ చేరినవి. సుమారు మూడువేల పెట్టెలను కదిలించుటకు వ్యవధి లేకపోయినది. 1937 డిసెంబరు 13వ తేదీన నాన్‌జింగు పడిపోయినది.

దారిలో ఒక లారీ వంతెనమీదినుండి బోల్తాపడినది. క్రింద నీరు లేదు, పెట్టెలలో ఉన్నవి పుస్తకములు, దస్తావేజులు. కావున నష్టము తప్పినది. చాంగ్షాలో పెట్టెలుంచిన విశ్వవిద్యాలయపు గ్రంథాలయము, పెట్టెలు కదలిపోయిన కొలది నెలలకే 1938లో బాంబుల పాలైనది. ఇట్టివానిని అదృష్టమని చెప్పవలసినదే. కాని అదృష్టము ప్రయాణములో ఒకటి రెండుసార్లు తోడు వచ్చునేగాని, మజిలీలో ఏండ్ల తరబడి కావలి కాయదు. మజిలీలో కాచినది మనుష్యుల ఓపిక. ఆన్‌షున్ గుహలో పైనుండి నీరు కారుచుండగా లోపల చెక్కగదులు కట్టి, పైన పెంకులు కప్పినారు. ఎండ కాచిన దినములలో చిత్రములను బయటికి తెచ్చి ఆరబెట్టి, లెక్క సరిచూచి మరల చుట్టినారు. లెషాన్ చెంతనున్న ఆన్‌గూ గ్రామములో ఒక ఆలయమును, స్థానిక వంశములవారు తమ పితృదేవతల కొరకు కట్టుకొన్న ఆరు మందిరములును ఈ పెట్టెలకు ఆశ్రయమిచ్చినవి. యుద్ధానంతరము ఆ మందిరములకు గౌరవ ఫలకములు బహూకరింపబడినవి.

ఇదే ఇంటినుండి మరియొక విధముగా బయలుదేరిన సామానును గూర్చియు చెప్పవలెను. 1922లో, ఇంకను ప్రాసాదములోనే ఉన్న పూయీ, తమ్ముడు పూజియేకు బహుమానములను మిషతో వెయ్యికి పైగా చిత్రముల చుట్టలను, వ్రాతలను రహస్యముగా బయటికి పంపినాడు. అవి తియాన్‌జిన్‌కు, అక్కడినుండి మంచూరియాలోని చాంగ్‌చున్‌కు పోయినవి. వానికి పెట్టెలు లేక కాదు, ఎన్నిక తక్కువై కాదు. వానిలో ఉన్నవి అన్నియు ఏరుకొన్న మేలి రత్నములే. 1945 ఆగస్టులో జపాను ఓడిపోగా పూయీ పారిపోయినాడు. కావలి సైనికులే ఆ గదిలో జొరబడి పంచుకొన్నారు. ఒకే చుట్టకొరకు ఇద్దరు పెనుగులాడగా అది నడుమ చినిగిన సందర్భములు కలవు. పిమ్మట ఆ ముక్కలు ఎక్కడెక్కడనో తేలినవి. కొన్ని ఎన్నటికిని దొరకలేదు.

ఒకే ఇల్లు, ఒకే విధమైన సొత్తు. నదులు, కొండలు, బాంబులు దాటిన పెట్టెలు నిలిచినవి. ఒక గదిలో తాళము వేసి దాచినవి నాశమైనవి. భేదము దూరములో లేదు. మొదటివానికి నలుగురు ఎరిగిన పట్టిక ఉన్నది, వెంట నడచిన మనుష్యులున్నారు. రెండవవానికి యజమాని ఒక్కడే దిక్కు; అతడు పోగానే అవి దిక్కులేనివైనవి.

యుద్ధము ముగిసిన తరువాత 1947లో సామాను నాన్‌జింగుకు తిరిగి వచ్చినది. 1948 చివర, 1949 ఆరంభమున అంతర్యుద్ధము కారణముగా ప్రాసాదపు పెట్టెలు 2,972 తైవానుకు పోయినవి. వానికొరకు తైపేలో 1965లో మ్యూజియము తెరువబడినది. మిగిలిన వానిలో పెక్కు బీజింగుకు మరలినవి, కొన్ని నాన్‌జింగులోనే నిలిచినవి. పింగాణిని పగులనీయక కాపాడిన నేర్పు, ఇంటిని మాత్రము రెండు కాకుండ కాపాడలేకపోయినది. అది సర్దువారి చేతిలో ఉన్న పని కాదు.

మన చేతిలో ఉన్న పని మాత్రము స్వల్పమైనది, స్పష్టమైనది. సామాను సర్దుటకు ముందు పట్టిక వ్రాసి, రెండు ప్రతులు ఇద్దరి వద్ద ఉంచవలెను. ప్రతి పెట్టెకు సంఖ్య వేయవలెను. వస్తువుల నడుమ ఎడము, పెట్టెలో బిగువు చూడవలెను. పగుళ్లున్న దానిని గట్టిదని నమ్మరాదు. క్రొత్త ఇల్లు చేరినంతనే పని ముగిసినదని పెట్టెలను మూలకు నెట్టక, ఎండ చూచి విప్పి, పట్టికతో సరిచూడవలెను. తెలియని చోట తెలిసినవారిని అడుగుటకు సంకోచింపరాదు. చక్రవర్తుల సొత్తును కాపాడిన విద్వాంసులు చేసినది ఇంతే. వారికి ఆ విద్యను నేర్పినది గిన్నెలు కట్టిన పేరు తెలియని పనివారు, ఒక పిడికెడు వరిగడ్డి.