అష్టగ్రహ కూటమి నుంచి పులిచింతల దాకా

పిడుగురాళ్లలో పెరిగినవాడికి నేల అదరడం కొత్త సంగతి కాదు. ఊరి చుట్టూ సున్నపురాతి క్వారీలు, ఊరిని ఆనుకొని సున్నపు బట్టీలు. క్వారీలో పేలుడు జరిగినప్పుడు కిటికీ రెక్కలు టకటకలాడడం, అటక మీది ఇత్తడి గిన్నెలు చిన్నగా మోగడం మాకు చిన్నప్పటినుంచీ అలవాటే. అందువల్ల 2020 జనవరి 26 తెల్లవారుజామున, రెండున్నర దాటిన తర్వాత మంచాలు ఊగినప్పుడు, మా పిన్నికి మొదట కలిగిన ఆలోచన "ఈ వేళప్పుడు క్వారీలో పేల్చేదెవడు?" అన్నదేనట. భయం ఆ తర్వాత వచ్చింది.

ఆ భూకంప తీవ్రత సుమారు 4.6. కేంద్రం కృష్ణకు అవతలి ఒడ్డున, సూర్యాపేట జిల్లా చింతలపాలెం ప్రాంతంలో, పులిచింతల జలాశయానికి దగ్గరగా ఉంది. అక్కడి పల్లెల్లో అప్పటికే కొన్ని వారాలుగా చిన్న చిన్న ప్రకంపనలు వస్తూనే ఉన్నాయి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వారు వచ్చి పరికరాలు అమర్చారు. తెల్లవారి నేను పిన్నికి ఫోను చేసేసరికి ఊళ్ళో మరో మాట తిరుగుతున్నది. "ఇది ముందొచ్చింది మాత్రమేనట, అసలుది వెనకాల ఉందట." ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలియదు. బ్రహ్మంగారి కాలజ్ఞానంలో ఉందని కొందరు, శాస్త్రజ్ఞులే అన్నారని కొందరు. "నువ్వు చదువుకున్నావు గదరా, ఇంట్లో పడుకోమంటావా, బయట పడుకోమంటావా?" అని పిన్ని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ చదివిన సంగతులే ఈ టపా.

మన పెద్దల జ్ఞాపకంలో ఇటువంటి భయాలన్నిటికీ పెద్దది 1962 నాటి అష్టగ్రహ కూటమి. ప్లవ నామ సంవత్సరం, పుష్య బహుళ అమావాస్య. ఫిబ్రవరి 3 నుంచి 5 వరకు సూర్యచంద్రులు, కుజ బుధ గురు శుక్ర శనులు, వీరికి తోడు కేతువు, అందరూ మకరరాశిలో కూడారు. కేతువును పక్కన పెట్టినా, తక్కిన ఏడూ ఆకాశంలో పదహారు డిగ్రీల మేర ఇమిడిపోయిన మాట నిజమే. దానికి తోడు 5వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం (మనకు కనిపించనిది). భూకంపాలు, ప్రళయం, మహాయుద్ధం, ఎవరికి తోచినది వారు చెప్పారు. దేశమంతటా యజ్ఞాలు, హోమాలు, అఖండ భజనలు జరిగాయి. ప్రయాణాలు మానుకున్నారు, శుభకార్యాలు వాయిదా వేసుకున్నారు. నెహ్రూ దీన్ని నవ్వులాటగా తీసిపారేశారు. అదే నెలలో మూడవ సార్వత్రిక ఎన్నికలు ఉన్నాయి. భూమి బద్దలవుతుందంటున్న జనాన్ని ఓట్లడగవలసి వచ్చిన అభ్యర్థుల అవస్థ ఎలా ఉండేదో మరి! పొరుగున బర్మాలో ప్రధాని ఊ నూ దోష పరిహారంగా మూగజీవాలను విడిపించాడు. ఆయన పదవి మాత్రం నిలవలేదు. మరుసటి నెల 2వ తేదీన సైన్యం ఆయనను దించివేసింది. సిక్కిం యువరాజు తన పెళ్ళిని 1963కు జరుపుకున్నాడు.

ఫిబ్రవరి 6న సూర్యుడు మామూలుగానే ఉదయించాడు. జోస్యం తప్పిందని ఎవరైనా ఒప్పుకున్నారా? లేదు. యజ్ఞాల వల్ల గండం గడిచిందన్నారు. అక్టోబరులో చైనా దండెత్తినప్పుడు, "చూశారా, ఫలం ఆలస్యంగా వచ్చింది" అన్నారు. జోస్యాలకున్న సౌలభ్యం ఇదే. అది జరిగితే గెలుపు, జరగకపోతే పరిహారం పనిచేసినట్లు.

ఆసక్తికరమైన విషయమేమంటే, జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ హైదరాబాదులో ఏర్పడింది అంతకు ముందు సంవత్సరం, 1961లో. అష్టగ్రహ కూటమి భయపెట్టిన ఐదేళ్ళకు, ఏ గ్రహమూ ఏ సూచనా ఇవ్వకుండానే, 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతం కంపించింది, తీవ్రత 5.4. అదే ఏడాది డిసెంబరు 11న మహారాష్ట్రలో కోయనా జలాశయం వద్ద వచ్చినది ఇంకా పెద్దది, సుమారు 180 మందిని బలిగొన్నది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వంతు, 5.7. వీటిలో ఏ ఒక్కదానినీ ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పినవి రాలేదు, వచ్చినవి చెప్పలేదు.

1979లో స్కైలాబ్ పడుతుందన్నప్పుడు కూడా మన పల్లెల్లో ఇదే కథ. ఎలాగూ పోతాం గదా అని కోళ్ళనూ మేకలనూ కోసుకు తిన్నారు, దాచుకున్నది ఖర్చుపెట్టేశారు. జూలై 11న ఆ ముక్కలు హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడ్డాయి. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నవారూ ఉన్నారు.

ఇంతవరకు చదివి, ఇది జనం అమాయకత్వం మీద వ్యాసమని మిత్రులు అనుకుంటారేమో. నేనూ మొదట అలాగే మొదలుపెట్టాను. కిల్లారి గురించి చదివిన తర్వాత ఆ ఉత్సాహం చల్లారిపోయింది.

మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారిలో 1992 చివర్లో చిన్న ప్రకంపనలు వరుసగా వచ్చాయి. జనం భయపడ్డారు. కొన్ని నెలలకు అవి సద్దుమణిగాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున నాలుగు గంటలు కాకముందే అసలు భూకంపం వచ్చింది. వినాయక నిమజ్జనం సంబరాలు ముగించుకొని పడుకున్నవారు పడుకున్నట్లే పోయారు. మృతులు దాదాపు పదివేలమంది. భూకంప తీవ్రత ఆరు చిల్లర మాత్రమే. ప్రపంచపు లెక్కలో మహా భూకంపమేమీ కాదు. చంపింది ఇళ్ళు. మట్టితో పేర్చిన రెండడుగుల మందం రాతిగోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు. మా పిన్ని ఉండే పాత ఇల్లు కూడా రాయీ మట్టీ గోడల మీద నాపరాళ్ళు పరచినదే. పల్నాడులో అటువంటి ఇళ్ళు ఇంకా ఎన్ని ఉన్నాయో ఆ దారిన వెళ్ళినవారికి తెలుసు.

ఇటలీలోని లాక్విలా కథ ఇంకా బాధాకరమైనది. 2009 తొలి నెలల్లో అక్కడ ప్రకంపనలు విడవకుండా వచ్చాయి. ఒక సాంకేతిక ఉద్యోగి నేలలోంచి వెలువడే రేడాన్ వాయువును కొలిచి పెద్ద భూకంపం వస్తుందని ప్రచారం చేశాడు. జనాన్ని శాంతింపజేయడానికి మార్చి 31న నిపుణుల సమావేశం పెట్టారు. ప్రమాదమేమీ లేదు, ఇంట్లో కూర్చుని ద్రాక్షసారా తాగండి అన్న ధోరణిలో ఒక అధికారి పత్రికలవారికి చెప్పాడు. అయితే ఆ ఊరివాళ్ళకు తాతల నాటి అలవాటొకటుంది. రాత్రి భూమి కదిలితే దుప్పట్లు తీసుకొని కూడలికి వచ్చి పడుకోవడం. అధికారుల మాట నమ్మి, ఏప్రిల్ 6 రాత్రి చిన్న కుదుపులు వచ్చిన తర్వాత కూడా కొందరు ఇళ్ళలోనే ఉండిపోయారు. మొత్తం 309 మంది చనిపోయారు. నిపుణులకు 2012లో శిక్షపడి, 2014లో శాస్త్రజ్ఞుల వరకు అది కొట్టివేయబడింది. రేడాన్ జోస్యం చెప్పినవాడు తేదీనీ ఊరినీ సరిగా చెప్పలేకపోయాడన్నది వేరే సంగతి. అమ్మమ్మలు చెప్పిన పని చేసినవారు మాత్రం బతికారు.

శాస్త్రజ్ఞుల పక్షాన చెప్పవలసినది కూడా ఉంది. 1975 ఫిబ్రవరి 4న చైనాలోని హైచెంగ్‌లో చిన్న ప్రకంపనలను చూసి జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించారు, ఆ సాయంత్రమే పెద్దది వచ్చింది. (తేదీ చూస్తే అష్టగ్రహ కూటమికి సరిగ్గా పదమూడేళ్ళు! జ్యోతిష్కుల కంట పడకూడదని కోరుకుందాం.) భూకంపాల జోస్యం చేతికి చిక్కిందని ప్రపంచం సంబరపడింది. మరుసటి ఏడాది జూలై 28న టాంగ్‌షాన్‌లో ఏ ముందస్తు కుదుపూ లేకుండా వచ్చినది రెండు లక్షల నలభై వేలమందిని చంపింది. చిన్న కుదుపుల వెనక చాలాసార్లు ఏమీ రాదు, ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఏది ఏదో ముందుగా తేల్చే పద్ధతి ఇప్పటికీ లేదు.

జోస్యాలు మాత్రం ఆగలేదు. 2023 ఫిబ్రవరిలో టర్కీ భూకంపానికి మూడు రోజుల ముందు ఫ్రాంక్ హూగర్‌బీట్స్ అనే డచ్చివాడు హెచ్చరించాడని, తర్వాతి వంతు మనదేనని ఫోన్లన్నీ మోగాయి. అతని ఆధారం ఏమిటని చూస్తే గ్రహాల కూటములే! ప్లవ నామ సంవత్సరపు పంచాంగం ఆమ్‌స్టర్‌డామ్ చుట్టి వచ్చిందన్నమాట. గ్రహాలన్నీ కలిసినా భూమి మీద చూపే ఆటుపోట్ల బలం చంద్రుని బలంలో పదివేలవ వంతు కూడా ఉండదు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చి పిడుగురాళ్ల దాకా తెలిసిన భూకంపాన్ని ఏ జోస్యుడూ చెప్పలేదు. 2025 ఏప్రిల్‌లో రామగుండం దగ్గర పెద్దది రావచ్చని, అమరావతి దాకా తెలుస్తుందని ఒక ప్రైవేటు సంస్థ చెప్పినట్లు వార్తలు వచ్చాయి; ఆ గడువు ఏమీ జరగకుండానే గడిచిపోయింది.

ఆ 2020 జనవరిన నేను పిన్నికి ఇవన్నీ చెప్పలేదు. అప్పటికి నాకు తెలియవు కూడా. "ఏం కాదులే పిన్నీ, ఇంట్లోనే పడుకో" అని, పెద్ద చదువుకున్నవాడి గొంతుతో అన్నాను. పిన్ని నవ్వి ఊరుకుంది. మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి, ఎలాగూ కాపలా ఉండాలి. బాబాయి ఒక్కడే పడుకునే చోట ఆ పూటనుంచి ఇంటిల్లిపాదీ పడుకున్నారట. కాయ టిక్కీలకెక్కి గుంటూరు యార్డుకు వెళ్ళేదాకా, మంచులో, ఆ ఘాటులో, ఆకాశం కింద.